తొట్టిలో పడి చచ్చిన చిన్న ఎలుక: ఏ జాతి? (అచ్చంపేట వైపు, నల్లమల అంచు)

మన్ననూరు మాస్టారు | నవంబర్ 9, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. అమ్రాబాద్ అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో పిల్లలకు సైన్సు చెప్తాను. ఈ పొద్దున బడి వెనక నీళ్ల తొట్టిలో ఒక చిన్న ఎలుక పడి చచ్చి ఉంది. ఇంట్లో తిరిగే ఎలుకలా అనిపించలేదు. వీపు గోధుమ రంగు, కడుపు తెల్లగా ఉంది. రెండు ఫోటోలు పెట్టాను. బడి వెనకంతా ఎర్ర చెల్క, దాని వెనక గుట్ట, ఆపైన అడవి. పిల్లలు "సార్, ఇదేం ఎల్క?" అని అడిగారు. "ఎల్కనే" అంటే ఊరుకోలేదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఫ్లాష్‌లైట్ | నవంబర్ 9, రాత్రి 8:52

సార్, మీ ఫోటో ఒక యాప్‌లో పెట్టి చూశాను. మలబార్ ముళ్ల డార్‌మౌస్ అని చెప్పింది, 81 శాతం నమ్మకమట! నల్లమలలో దొరికితే పెద్ద వార్తే.

పాతపుటలు | నవంబర్ 9, రాత్రి 9:15

ఆ వార్త పేపరుకి పంపకండి తమ్ముడూ. మలబార్ ముళ్ల డార్‌మౌస్ పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. అది ఎత్తయిన చెట్ల తొర్రల్లో బతుకుతుంది, మిరియాల తోటల వాళ్లకు బాగా తెలుసు. దాని తోక చివర సీసాలు కడిగే బ్రష్షులా గుబురుగా ఉంటుంది. మాస్టారు పెట్టిన ఫోటోలో తోక సన్నగా, దాదాపు నున్నగా కనిపిస్తోంది. యాప్‌కి ఊరు తెలియదు, నేల తెలియదు. వీపు మీద ముళ్లలాంటి వెంట్రుకలేవో కనిపించి ఆ పేరు చెప్పి ఉంటుంది. ఆ ముళ్ల సంగతి మాత్రం ఆసక్తిగా ఉంది. మాస్టారూ, వీపు మీద వెంట్రుకలు నిజంగా గరుకుగా ఉన్నాయా?

గుట్టగాలి | నవంబర్ 9, రాత్రి 9:31

దేవరకొండ నుంచి. సార్, ముందు కొలతలు ఇవ్వండి. రంగు చూసి ఎలుక పేరు చెప్పడం కుదరదు. ఒకే జాతి రేగడిలో నల్లగా, ఎర్ర చెల్కలో ఎర్రగా ఉంటుంది. పిల్ల ఎలుకలు బూడిద రంగులో ఉంటాయి. తడిసిన ఎలుక రంగు అసలే లెక్కలోకి రాదు.

కావల్సినవి నాలుగు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒళ్లు. తోక మొదలు నుంచి కొస దాకా తోక (కొసన పొడుచుకొచ్చిన వెంట్రుకలు కలపొద్దు). వెనక పాదం, మడమ నుంచి పొడుగు వేలి కొస దాకా, గోరు వదిలేసి. చెవి, అడుగు గీత నుంచి పైకొస దాకా. మిల్లీమీటర్లలో రాయండి. ఒళ్లు సాగదీయొద్దు, వెల్లకిలా పడుకోబెట్టి కొలవండి.

చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు తప్పనిసరి. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వాటి ఒంటి మీది నల్లుల్లాంటి చిన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. పిల్లల చేత ముట్టించకండి. ఆ తొట్టి నీళ్లు పారబోసి, బ్లీచింగ్ వేసి కడిగించండి. ఎలుక పేరు కంటే ముందు ఆ పని.

సలేశ్వరం దారి | నవంబర్ 9, రాత్రి 10:05

నేను కొలతలు వేసే మనిషిని కాదు, మా పెంట (అడవిలో మా చెంచుల గూడెం) చుట్టూ చూసినవి చెప్తా. మా నాయిన ఎలుకలను ఒంటిని చూసి కాదు, అది ఉండే తావు చూసి పోల్చేవాడు. బోద గడ్డిలో సొరంగం లాగ దారి చేసుకుని తిరిగేది ఒకటి. బండల సందుల్లో దూరేది ఒకటి. వెదురు పొదల మీద ఎక్కేది, తోక చుట్టుకునేది ఇంకోటి, అది చిన్నది. పల్లి చేన్లో బొక్క పెట్టేది వేరే. సార్, ఆ తొట్టి పక్కన బొక్క ఏమైనా ఉన్నదా? ఉంటే బొక్క మూతి ఎట్లున్నదో చూడండి.

గుట్టగాలి | నవంబర్ 9, రాత్రి 10:12

నేను రెండు పేజీల్లో రాసేది మీ నాయిన రెండు ముక్కల్లో చెప్పాడన్నా.

మన్ననూరు మాస్టారు | నవంబర్ 10, ఉదయం 7:20

రాత్రి పూలకుండీ బోర్లించి దాని కింద పెట్టాను. ఇప్పుడే కొలిచాను. గ్లౌజులు వేసుకున్నాను, తొట్టి కడిగించాను, నిశ్చింతగా ఉండండి.

ఒళ్లు 102 మి.మీ., తోక 78, వెనక పాదం 18, చెవి 15.

పెన్సిల్‌తో వీపు మీద వెనక్కి నిమిరితే పాత టూత్‌బ్రష్ తగిలినట్టు గరగరమంది. కడుపు వైపు తెల్లగా ఉంది, వీపు రంగుకీ కడుపు రంగుకీ మధ్య గీత గీసినట్టు తేడా ఉంది. ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి ఐదు. పళ్లు ముందు పసుపుగా ఉన్నాయి.

పాతపుటలు | నవంబర్ 10, ఉదయం 8:02

మాస్టారూ, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ముందు కాని వాటిని తీసేద్దాం.

చుంచు కాదు. చుంచుని మనవాళ్లు ఎలుక అనేస్తారు కానీ అది ఎలుకల వర్గమే కాదు, పురుగులు తినేది. మూతి పొడుగ్గా సూదిగా, కళ్లు చిన్నవిగా, ఘాటు వాసనతో ఉంటుంది. పళ్లు తెల్లగా సూదుల్లా ఉంటాయి, ముందు కాలికి కూడా ఐదు వేళ్లు కనిపిస్తాయి. మీరు చూసినది పసుపు పళ్లు, ముందు నాలుగు వేళ్లు. ఎలుకల కుటుంబమే. వాటి ముందు పళ్లలో ఇనుము ఉంటుంది, ఆ రంగు దానివల్లే. ముందు పళ్లు పైన రెండు, కింద రెండు, ఆ తర్వాత చాలా ఖాళీ, లోపల ప్రతి వైపూ మూడేసి దవడ పళ్లు. మొత్తం 16.

జెర్బిల్ కాదు. మన చేన్లలో ఉండే జెర్బిల్ ఇంతకంటే చాలా పెద్దది. వెనక పాదమే నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తోక ఒంటికంటే పొడుగు, చివర నల్ల కుచ్చు. రాత్రి బండి లైటు వెలుగులో దూకుతూ రోడ్డు దాటేది అదే.

నల్ల ఎలుక పిల్ల కూడా కాదు. దాని తోక ఒంటికంటే పొడుగు. పిల్లకైతే పాదం ఒంటికి మించి పెద్దగా కనిపిస్తుంది.

ఇల్లు చిట్టెలుక? దాని తోక ఒళ్లంత ఉంటుంది, కొంచెం పొడుగే ఉంటుంది. పై ముందు పళ్లను పక్క నుంచి చూస్తే లోపలి వైపు చిన్న నొక్కు ఉంటుంది. ఇంకా ముఖ్యం, దానికి ముళ్లు ఉండవు.

కడప కొండ | నవంబర్ 10, ఉదయం 8:40

క్షమించాలి, మీ జిల్లా కాదు నాది, అయినా వచ్చేస్తాను. తోక చివర తెలుపు ఏమైనా ఉందా సార్? సగం నుంచి కొస దాకా తెల్లగా ఉంటే అది మా ఊరి ఎలుక. 1881లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ కడప నుంచి వచ్చిన నమూనా చూసే దానికి పేరు పెట్టాడు. ఇప్పటి పేరు మడ్రోమిస్ బ్లాన్‌ఫోర్డి. బండల్లో, చెట్లలో ఉంటుంది. నల్లమల మాకూ మీకూ ఒకటే కొండ కదా అని ఆశ.

మన్ననూరు మాస్టారు | నవంబర్ 10, ఉదయం 8:55

లేదండీ. తోక పైన ముదురు, కింద లేత, చివర తెలుపు లేదు. పైగా మీ ఎలుక చాలా పెద్దదనుకుంటా.

కడప కొండ | నవంబర్ 10, ఉదయం 8:58

పెద్దదే. సరే, ఆశ వదలను.

గుట్టగాలి | నవంబర్ 10, మధ్యాహ్నం 1:10

కొలతలు చూస్తే నా అంచనా ముళ్ల చిట్టెలుకల గుంపు. మస్ అనే ప్రజాతిలోనే వీటిది వేరే శాఖ. ఒళ్లు పది సెంటీమీటర్లు, తోక ఒంటికంటే పొట్టి, వీపు మీద ముళ్ల వెంట్రుకలు, తెల్ల కడుపు, అన్నీ సరిపోయాయి. భూతద్దం ఉంటే వీపు మీద ఒక వెంట్రుక తీసి చూడండి. గుండ్రంగా కాకుండా చదునుగా, మధ్యలో గాడి పడినట్టు ఉంటుంది. మస్ ప్లాటిథ్రిక్స్ అంటే 'చదును వెంట్రుకలది' అనే. 1832లో బెన్నెట్ పెట్టిన పేరు, దక్కను నమూనా నుంచే.

ఇక్కడ కొంచెం ఆగాలి. దక్కనులో ముళ్ల చిట్టెలుకలు ప్లాటిథ్రిక్స్ ఒక్కటే కాదు. మస్ సాక్సికోలా ఉంది, ఫిలిప్సి ఉంది. ఫోటో చూసి వీటిని విడదీసే మొనగాడు నాకు కనబడలేదు. పుర్రె, దవడ పళ్లు చూడాలి. సార్, ఆ కళేబరం జాగ్రత్తగా ఉంచారా? ఫారెస్టు వాళ్లకు చెప్పి, హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే కేంద్రం వాళ్లను అడిగితే ఏం చేయాలో చెప్తారు.

మన్ననూరు మాస్టారు | నవంబర్ 10, మధ్యాహ్నం 1:34

అయ్యో. పొద్దున కొలవగానే పాతిపెట్టేశాను. మీరు రోగాలు అన్నారని టెన్షన్ పడి.

గుట్టగాలి | నవంబర్ 10, మధ్యాహ్నం 1:36

తప్పు నాదే. పాతిన చోటు గుర్తుందా?

మన్ననూరు మాస్టారు | నవంబర్ 10, సాయంత్రం 5:48

గుర్తుంది. వెళ్లి చూశాను. కుక్కలు తోడేశాయి. రెండు వెంట్రుకలు కూడా మిగల్లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను కానీ ఎలుక కోసం గుంత తవ్వి ఉత్త చేతులతో రావడం ఇదే మొదలు.

పల్లి రైతు | నవంబర్ 10, సాయంత్రం 6:30

అన్నా, ఇంత చర్చ చేస్తున్నారు, ఇది పల్లి తింటదా లేదా? మా చేన్ల మందు పెట్టాల్నా?

పాతపుటలు | నవంబర్ 10, సాయంత్రం 6:50

దీని జోలికి పోవద్దన్నా. ఇది గింజలూ పురుగులూ తింటుంది, గుట్ట పక్కన గులకరాళ్ల నేలలో ఉంటుంది. పల్లి చేనుకి నష్టం చేసేది ఎక్కువగా పందికొక్కు జాతి, జెర్బిల్, ఇంకా మెత్తబొచ్చు ఎలుక. పందికొక్కు బొక్కలో గింజ దాస్తుంది, మట్టి బయటికి పెద్ద కుప్పగా తోస్తుంది. మందు పెట్టాల్సి వస్తే వ్యవసాయాధికారిని అడిగి, ఏ బొక్క ఎవరిదో చూసి పెట్టండి. బ్రోమడయోలోన్ లాంటి మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ ప్రమాదమే. చేన్లో ఎలుకలను ఎక్కువగా పట్టేది గుడ్లగూబలే.

మెత్తబొచ్చు ఎలుక మాటొచ్చింది కనుక ఒక సంగతి. దాన్ని గుర్తుపట్టాలంటే వెనక అరికాలు చూడాలి. నల్ల ఎలుక అరికాలికి ఆరు బుడిపెలుంటాయి. దీనికి ఐదే, ఒక్కోసారి నాలుగు. ఆడదానికి చన్నులు 8, నల్ల ఎలుకకు 10 లేదా 12. పేరు మిల్లార్డియా మెల్టాడా. ఈ 'మెల్టాడా' లాటిన్ కాదు, మన మాటే! వడ్డెరలు దాన్ని 'మెట్టాడె' అనేవాళ్లు, యానాదులు 'మెట్ట ఎలుక' అనేవాళ్లు. ఇంగ్లీషు దొరలు రాసుకునేటప్పుడు ట కాస్తా ల్ట అయి కూర్చుంది. 1837లో గ్రే అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త అలాగే అచ్చు వేశాడు, ఇక మార్చే వీల్లేదు.

ఫ్లాష్‌లైట్ | నవంబర్ 10, రాత్రి 7:15

నిజమా సార్! బాండికూట్ పందికొక్కు నుంచి వచ్చిందని మాత్రం తెలుసు.

పాతపుటలు | నవంబర్ 10, రాత్రి 7:22

అదీ నిజమే. ఆస్ట్రేలియాలో కడుపు సంచితో తిరిగే వేరే జంతువుకి కూడా మన పందికొక్కు పేరే అంటించారు. పాపం దానికి వరి చేను తెలియదు, పంది తెలియదు.

సలేశ్వరం దారి | నవంబర్ 11, ఉదయం 6:10

నేను అడిగిందానికి సార్ జవాబియ్యలే. బొక్క ఉన్నదా?

మన్ననూరు మాస్టారు | నవంబర్ 11, ఉదయం 9:45

మన్నించు తమ్ముడూ, మర్చిపోయాను. తొట్టికి పది అడుగుల దూరంలో, గట్టు పక్కన చిన్న బొక్క ఉంది. మట్టి కుప్ప లేదు. మూతి దగ్గర చిన్న చిన్న రాళ్లు పోసి ఉన్నాయి, శనగగింజంత. పిల్లలు ఆడుకుంటూ వేశారనుకుని నేను పట్టించుకోలేదు.

సలేశ్వరం దారి | నవంబర్ 11, ఉదయం 9:51

పిల్లలు కాదు సార్.

పాతపుటలు | నవంబర్ 11, ఉదయం 10:20

మాస్టారూ! ఇది మొదటి రోజే చెప్పి ఉంటే మనం ఇంత తిరగాల్సిన పని లేదు!

వాల్టర్ ఇలియట్ మద్రాసు సివిల్ సర్వీసులో ధార్వాడ వైపు పనిచేసిన మనిషి. 1839లో అక్కడి క్షీరదాల పట్టిక అచ్చు వేశాడు. అందులో ఈ ముళ్ల చిట్టెలుక గురించి రాసిన మాటల సారం ఇది: ఎర్ర గులకరాళ్ల నేలలో, ఎక్కువగా గట్టు పక్కన బొక్క చేసుకుంటుంది. లోపల ఉన్నప్పుడు మూతిని చిన్న రాళ్లతో మూసేస్తుంది. అలాంటి రాళ్లు కొన్ని బయట కుప్పగా ఉంటాయి, బొక్క ఎవరిదో వాటిని బట్టే తెలుస్తుంది. లోపల గదిలో కూడా రాళ్లే పరుచుకుని వాటి మీద కూర్చుంటుంది.

ఆయనకు ఈ సంగతులు చెప్పినవాళ్లలో వడ్డెరలున్నారు. వాళ్లు దీన్ని 'లెగ్యాడె' అనేవాళ్లట. ఆ మాటతోనే గ్రే 'లెగ్గాడ' అని ఒక ప్రజాతి పేరు కూడా పెట్టాడు. రాళ్లు కొట్టి బతికిన వాళ్లకు రాళ్లు పోగేసే ఎలుక తెలియకుండా ఎట్లా ఉంటుంది!

గట్టు మీది వడ్డె | నవంబర్ 11, మధ్యాహ్నం 12:40

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇదే మొదటిసారి రాయడం. మాది కల్వకుర్తి వైపు, వడ్డెరలం. మా తాత బావులు తవ్వేవాడు. 'రాళ్ల ఎల్క బొక్క ఉన్న గట్టు గట్టిగ ఉంటది, ఆడ నీళ్లు తొందరగా పడవు' అనేవాడు. నిజమో కాదో నాకు తెలియదు కానీ ఆ మాట మాత్రం గుర్తుంది. లెగ్యాడె అనే మాట మా ఇంట్లో వినలేదు, రాళ్ల ఎల్క అనే వినేవాళ్లం.

గుట్టగాలి | నవంబర్ 11, మధ్యాహ్నం 1:05

రాసినందుకు సంతోషం అన్నా. మీ తాత మాట నా నోట్‌బుక్కులో ఎక్కింది.

మాస్టారూ, చిన్న పరీక్ష. తోటి టీచర్లకు చెప్పి సాయంత్రం బొక్క మూతి దగ్గరి రాళ్లన్నీ చేత్తో కాదు, పుల్లతో పక్కకు నెట్టండి. చుట్టూ సన్న ఇసుక పలచగా చల్లండి. పొద్దున్నే అచ్చులు చూడండి. తవ్వొద్దు, బోను పెట్టొద్దు. అడవి హద్దులోపల అయితే అనుమతి లేకుండా ఏ జంతువునీ పట్టకూడదు, బయట అయినా ఎందుకు.

ఫ్లాష్‌లైట్ | నవంబర్ 11, మధ్యాహ్నం 1:30

మరి మా పోటీ పరీక్షల వాళ్లకు ఒక ముక్క: అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. ఇక్కడ ఎన్ని ఎలుక జాతులున్నాయో ఎవరూ అడగరేం?

పాతపుటలు | నవంబర్ 11, మధ్యాహ్నం 1:48

పులికి టికెట్ కొనుక్కుని వస్తారు, ఎలుకకు ఎవరొస్తారు తమ్ముడూ. నేను ఈ వైపు వెతకదగ్గవి అనుకునేవి చెప్తాను. సలేశ్వరం తమ్ముడు వాళ్ల నాయిన మాటల్లోనే పెడతాను, అదే మంచి పద్ధతి.

గడ్డిలో దారి చేసుకునేది గోలుండా ఎల్లియోటి. గుండ్రటి తల, పొట్టి తోక, పసుపు నలుపు కలిసిన గరుకు బొచ్చు. పై ముందు పళ్ల మీద నిలువు గాడి ఉంటుంది. జెర్బిల్‌కి కూడా ఆ గాడి ఉంది, కానీ ఈ రెంటినీ తోక చూస్తే ఎవరూ పొరబడరు. శ్రీలంకలో కాఫీ తోటలు పాడుచేసి 'కాఫీ ఎలుక' అనిపించుకుంది. ఎల్లియోటి అంటే మన ఇలియట్ గారే.

వెదురు మీద ఎక్కేది వాండెలూరియా. ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. ఒళ్లు ఏడెనిమిది సెంటీమీటర్లు, తోక దానికంటే ఎంతో పొడుగు. అసలు గుర్తు కాలి వేళ్లలో ఉంది. మొదటి వేలికీ చివరి వేలికీ కొక్కేల్లాంటి గోళ్లు కాదు, మన గోళ్లలాంటి చదును గోళ్లు. ఆ రెండు వేళ్లతో కొమ్మను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఫోటోలో తోక మాత్రమే కాదు, కాళ్లు కూడా వచ్చేట్టు తీయండి.

బండల్లోది క్రెమ్నోమిస్ కచికస్ కావచ్చు. తోక ఒంటికంటే పొడుగు, చివర కొద్దిగా వెంట్రుకలు. లేదా కడప వారి తెల్ల తోక.

ఇక పొలం గట్ల మీద అన్నిటికంటే చిన్నది మస్ బూడుగా. ఒళ్లు ఆరేడు సెంటీమీటర్లే, దానికి ముళ్లు ఉండవు.

పగలు బండల మీద, చెట్ల మొదళ్ల దగ్గర ఉడుతలా తిరుగుతూ వీపు మీద చారలు లేని జంతువు కనబడితే, మూతి పొడుగ్గా ఉండి భుజం మీద లేత గీత ఉంటే అది ఉడుతా కాదు, ఎలుకా కాదు. అనథానా ఎల్లియోటి. ఇంగ్లీషులో చెట్టు చుంచు అంటారు కానీ చుంచు కూడా కాదు. దానికీ ఇలియట్ పేరే.

పల్లి రైతు | నవంబర్ 11, మధ్యాహ్నం 2:10

ఆ ఇలియట్‌కి ఇంకో పని లేదా ఏంది.

మన్ననూరు మాస్టారు | నవంబర్ 13, ఉదయం 7:05

నిన్న సాయంత్రం రాళ్లు 41 పక్కకు నెట్టాను (పిల్లలు లెక్కపెట్టారు). ఇసుక చల్లాను. ఈ పొద్దున మూతి దగ్గర మళ్లీ 17 రాళ్లు ఉన్నాయి. ఇసుక మీద చిన్న చిన్న అచ్చులు, ముందు కాలివి నాలుగు వేళ్లు, వెనకవి ఐదు. మధ్యలో తోక గీసిన గీత అక్కడక్కడ ఉంది. ఫోటో పెట్టాను, పక్కన రూపాయి బిళ్ల ఉంచాను.

తొట్టిలో పడింది ఇక్కడిదే అనుకుంటే, లోపల ఇంకోటి బతికే ఉంది.

సలేశ్వరం దారి | నవంబర్ 13, ఉదయం 7:20

జంటగా ఉంటయ్ సార్.

గుట్టగాలి | నవంబర్ 13, ఉదయం 8:00

బాగా చేశారు. రికార్డులో ఇలా రాయండి: 'ముళ్ల చిట్టెలుక, మస్ ప్రజాతి, ముళ్ల గుంపు, ప్లాటిథ్రిక్స్ కావచ్చు, పుర్రె చూడలేదు.' దాని కింద నాలుగు కొలతలు, నేల ఎర్ర గులకరాళ్లు, గట్టు పక్కన బొక్క, మూతి దగ్గర రాళ్ల కుప్ప, 12వ తేదీ రాత్రి తిరిగి 17 రాళ్లు పెట్టింది. తేదీ, ఊరు రాయండి. 'కావచ్చు' అన్న మాట చెరపొద్దు. రేపు పుర్రె దొరికిన వాళ్లు వచ్చి ఆ మాట చెరుపుతారు లేదా పేరు మారుస్తారు.

తొట్టి మీద మూత వేయించండి. ఒక పక్కన లోపలికి ఒక చెక్కముక్క వాల్చి పెడితే పడినవి పైకెక్కి పోతాయి.

మన్ననూరు మాస్టారు | నవంబర్ 13, సాయంత్రం 6:40

చెక్క పెట్టించాను. పిల్లలు ఇప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో బొక్క చూపిస్తున్నారు, పాఠం సాగడం లేదు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె పొద్దున ఉమామహేశ్వరం మెట్ల పక్క బండ మీద పెద్ద ఎలుకను చూసిందట. 'సార్, తోక సగం నల్లగుంది, సగం తెల్లగుంది' అంటోంది.

కడప కొండ | నవంబర్ 13, సాయంత్రం 6:41

తెలుపు కొస వైపా, మొదలు వైపా? అడగండి సార్, ఇప్పుడే అడగండి.